మగ్గం గుంతలో విన్న చప్పుడు

నేను కాపురానికి వచ్చిన ఇల్లు చెరువు కట్ట కింద ఉండేది. కట్టకూ మా పెరటి గోడకూ నడుమ రెండు మడులు, ఒక చింతచెట్టు, అంతే. కల్వకుర్తి నుంచి ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. మా వీధిలో అందరం నేతవాళ్లమే, ప్రతి ఇంట్లోనూ గుంత మగ్గమే. నేలలో మోకాళ్లు దాటే లోతున గుంత తీసి, అందులోకి కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గం అది. మామ నేను రాకముందే పోయాడు. మా ఆయన నేసేవాడు. అత్తకు చూపు దాదాపు పోయింది, చేత్తో తడుముకుంటూ నూలు కండెలు చుట్టేది. మా ఆయన నూలు కోసం కల్వకుర్తి పోయిన రోజుల్లో మగ్గం మీద నేను కూర్చునేదాన్ని.

మా చెరువు ఒంటరిది కాదు. ఒకే వాగు మీద పై ఊరికొకటి, మాకొకటి, కింది ఊరికొకటి, మూడు చెరువులు. పైది నిండితే పొర్లిన నీళ్లు మాకు, మాది నిండితే కింది ఊరికి, అక్కడి నుంచి దుందుభిలోకి, చివరికి కృష్ణలోకి. నీళ్లు పొర్లిపోయే చోటును మత్తడి అంటారు. మా మత్తడి ఎవరు పేర్చారో ఎవరికీ తెలియని పాత రాళ్లది. వెడల్పుగా, బండి ఎక్కగలిగేంత వాలుగా ఉండేది. వానాకాలంలో ఆ వాలు మీద జారే నీళ్లకు ఎదురెక్కి కింది నుంచి చేపలు వచ్చేవి. పరకలు, జెల్లలు, వాలుగలు, నల్లటి కొర్రమట్టలు. నేను కాపురానికి వచ్చిన మొదటి ఏడు అత్త నన్ను తోడు తీసుకుని అక్కడికి వెళ్లింది. నీళ్లు చీలమండల దాకా కూడా లేవు. చేపలు సగం వీపులు బయట పెట్టుకుని, ఒకదాని వెనుక ఒకటి, ఎవరో పిలిచినట్టు పైకి పోతూనే ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ఒక ఎండాకాలం ఊరంతా కూడి మత్తడి మీద గోడ లేపాలని తీర్మానించింది. రెండు మూరల గోడ పెడితే అన్ని నీళ్లు ఎక్కువ నిలుస్తాయి, యాసంగి రెండో పంట కూడా పండుతుంది అన్నాడు పటేల్. ఒక్క నీరటి మాత్రం వద్దన్నాడు. తూము తెరవడం, మూయడం, కట్టను కనిపెట్టుకుని ఉండడం ఆయన పని. ఊరి అవతలి గూడెంలో ఉండే ముసలాయన.

"పటేలా, గాడ గోడ పెడితే చేప ఎట్లెక్కుతది? రేపు పెద్ద వాన వడితే నీళ్లు ఏడికి పోవాలె?" అన్నాడు.

"చేపల కోసం పొలాలు ఎండవెట్టుకుంటమా?" అన్నాడు పటేల్. అందరూ నవ్వారు. నీళ్ల బిందె చంకన పెట్టుకుని అటుగా పోతున్న నేనూ నవ్వాను. మగ్గం పని లేని రోజులవి. మా ఆయన కూలికి పోయి ఆ గోడకు రాళ్లు మోశాడు. సద్ది నేనే పట్టుకెళ్లాను.

ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి. చెరువు గోడ అంచుదాకా నిండి, పలచగా ఒక పొర పొర్లడం మొదలైంది. ఆ రోజు పొద్దున బట్టలు ఉతుకుతున్నట్టు చప్పుడు వినిపించింది. పండుగ కాదు, పబ్బం కాదు, ఇంతమంది ఇంత పొద్దున ఉతకడమేమిటి అనుకుంటూ వెళ్లి చూశాను.

చేపలు గోడకు కొట్టుకుంటున్నాయి. ఎగిరి తడి రాయికి తగిలి పడుతున్నాయి, పడి మళ్లీ ఎగురుతున్నాయి. వెనుక నుంచి ఇంకా వస్తూనే ఉన్నాయి. ముందువాటికి వెనక్కి పోయే దారి లేదు. పొట్టలు పగిలి గుడ్లు రాళ్లకు అంటుకుని ఎండకు పసుపుపచ్చగా ఎండిపోతున్నాయి. మొదటి రోజు ఊరంతా గంపలతో వచ్చి ఏరుకుంది. రెండో రోజూ ఏరుకున్నారు. మూడో రోజు ఎవరూ రాలేదు. నాలుగో రోజు కుక్కలు దగ్గరికి పోయి, వాసన చూసి, తినకుండానే తిరిగి వచ్చాయి. చప్పుడు మాత్రం ఆగలేదు. తొమ్మిది రోజులు పట్టపగలు, మేము వంట చేస్తున్నా, కండెలు చుడుతున్నా, బిడ్డకు పాలిస్తున్నా, చప్... చప్... చప్.

నీరటి ఒక్కడు కిరసనాయిలు డబ్బాలో చేపలను ఎత్తి గోడ అవతల పోస్తూ కనిపించేవాడు. దారిన పోయేవాళ్లు వేళాకోళం చేసేవారు. చేయి వేయాలని నాకు అనిపించింది. కొత్త కోడలిని, ఊరి నడుమ గూడెం మనిషితో కలిసి చేపలెత్తితే ఏమంటారోనని ఇంటికి వచ్చేశాను. పదో రోజు చప్పుడు ఆగింది.

మరుసటి ఏడు చేపలు రాలేదు. మృగశిర కార్తె వచ్చే మిరుగు నాడు చేప ముక్క నోట్లో వేసుకోకపోతే అరిష్టమంటారు మా వైపు. ఆ ఏడు సంతలో ఎండుచేప కొనుక్కున్నారు. చెరువు నిండుగానే ఉంది, పటేల్ చెప్పినట్టు యాసంగి పండింది. కానీ చెరువు దగ్గరికి పోతే ఏదో తేడాగా ఉండేది. ఒడ్డున కొంగ లేదు. నీళ్లలో బుడగ లేదు. రాయి విసిరితే అల ఒడ్డుకు వచ్చి ఆగేది, దానికి బెదిరి కదిలేది ఏదీ లేదు. నీళ్ల మీద ఆకుపచ్చ పొర ఒకటి పట్టింది. దోమలు ముసిరి వీధి వీధంతా చలిజ్వరంతో పడుకుంది. బిందె ముంచేటప్పుడు నేను ఆ నీళ్లలోకి చూసేదాన్ని కాదు. చూస్తే ఖాళీ ఇంట్లోకి తొంగి చూసినట్టుండేది.

ఆ కాలంలోనే ఒక మధ్యాహ్నం అత్త కండె చుడుతూ చేయి ఆపింది.

"చేపలు కొట్టుకుంటున్నయే. ఇంటున్నవా?"

"ఏడియత్తా చేపలు? నిరుటి నుంచి ఒక్కటన్న వచ్చిందా?"

"అగో, మల్ల. గోడకు కొట్టుకుంటున్నయి."

అప్పుడు నేను మగ్గం మీద ఉన్నాను. కాళ్లు గుంతలో, పోగును అటూ ఇటూ లాగే నాడె చేతిలో ఉన్నాయి. ఆమె మాట పూర్తికాకముందే నా అరికాళ్ల కింద ఏదో తగిలింది. చప్పుడు అనలేను. చెవికి కాదు, కాళ్లకు వినిపించింది. ఎక్కడో నేల లోపల, మెత్తగా, తడిగా, చప్... కొంతసేపు ఆగి, చప్. కాళ్లు పైకి తీసుకున్నాను.

"నాకేం ఇనవస్తలేదు" అన్నాను.

ఎందుకలా అన్నానో చెబుతాను. మా వైపు ఆడదానికి లేనిది వినిపిస్తే గాలి సోకిందంటారు. ముసలామెకైతే వయసు అని సరిపెట్టుకుంటారు, చంటిబిడ్డ తల్లికైతే పుట్టింటికి కబురు పోతుంది. నాకు భయమేసింది. అందుకే ఆ రోజు కాదన్నాను. ఒకసారి కాదన్నాక ప్రతిసారీ కాదనవలసి వచ్చింది. అత్త వారానికి ఒకసారి, తర్వాత రోజుకు ఒకసారి, చేపల మాట ఎత్తేది. ఇరుగుపొరుగు వాళ్లు జాలిగా చూసేవారు. మా ఆయన ఆగకుండా తొక్కుతూ నేసేవాడు, ఆ మోతలో ఆయన కాళ్లకు ఏమీ తెలిసేది కాదు. మా ఆయన దర్గాకు తీసుకుపోయి ఆమె జబ్బకు తాయెత్తు కట్టించాడు. తాయెత్తు ముడి నేనే బిగించాను. బిగిస్తుండగా కూడా గుంతలో నుంచి ఆ చప్పుడు వస్తూనే ఉంది.

మూడో ఏడు వానలకు ముందు నుంచే చప్పుడు దగ్గరపడింది. మడుల్లో ఎండాకాలం కూడా ఒక చోట తడి ఆరకపోవడం చూశాను. ఇక ఓర్చుకోలేక, మా ఆయన ఊళ్లో లేని రోజు, కట్ట మీద పోతున్న నీరటిని పిలిచి చెప్పాను.

ఆయన గడప బయటే నిలబడ్డాడు. మా ఇళ్లలోకి వాళ్లు వచ్చే ఆచారం లేదు.

లోపలి నుంచి అత్త అంది, "రా అయ్యా. కట్టకు లేని అంటు ఇంటికెందుకు?"

ఆయన వచ్చి మగ్గం గుంతలోకి దిగాడు. కట్ట వైపు మట్టి గోడకు రెండు చేతులూ ఆనించి, తర్వాత చెవి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు కదల్లేదు. లేచేసరికి ఆయన ముఖం పాలిపోయింది.

"గిది చేప కాదు బిడ్డా. కట్ట కడుపుల బుంగ వడ్డది. ఎన్నడు నీళ్లు ఎరుగని పై మట్టికి గిప్పుడు రెండు మూరల నీళ్లు తాకుతున్నయి. ఎండ్రకాయ బొక్కలున్నయో, ఏరు కుళ్లిన తావులున్నయో, లోపట్నుంచి మట్టిని నాకుతున్నయి. గా సందుల నీళ్లు కొట్టుకుంటున్న చప్పుడు గిది."

"మరి ఎట్ల తాతా?"

"చప్పుడు ఇనవచ్చినన్ని దినాలు లోపట జర జాగా ఉన్నట్టు. జాగా నిండితే చప్పుడు ఆగుతది. ఆగిన నాడు ఒక్క నిమిషం గూడ గీ ఇంట్ల ఉండకుండ్రి."

ఆయన నేరుగా పటేల్ దగ్గరికి పోయాడు. గోడ విప్పేయమన్నాడు. పటేల్ చెడ్డవాడు కాదు. వచ్చి కట్ట చూశాడు. పైకి గడ్డి మొలిచి గట్టిగా ఉంది. "వరి నాట్లు వడ్డయి. ఇప్పుడు నీళ్లు ఇడిస్తే ఊరంత నన్ను తిడతది. కోతలైనంక చూద్దాం" అన్నాడు. నేను ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు. చెబితే ఇన్నాళ్లూ నేనూ విన్నానని ఒప్పుకోవలసి వస్తుంది.

తర్వాత మూడు రోజులు ముసురు. పై ఊరి చెరువు నిండి, నీళ్లు ఎర్రగా మా చెరువులోకి దిగాయి. గోడ మీద నుంచి పొర్లే నీళ్లు చాలడం లేదు, చెరువు ఇంకా లేస్తూనే ఉంది. మూడో రోజు పొద్దున, పొయ్యి మీద గంజి కాగుతుండగా, అత్త రాట్నం ఆపేసింది.

"ఆగింది" అంది.

నేను వెళ్లి గుంతలో దిగి నిలబడ్డాను. ఏమీ లేదు. నెలల తరబడి అలవాటైపోయిన చప్పుడు లేకపోయేసరికి నేల మొత్తం ఊపిరి బిగబట్టుకున్నట్టుంది. గోడకు చేయి పెడితే మట్టి వెచ్చగా, మెత్తగా, మనిషి ఒళ్లులా ఉంది. బయటికి పరుగెత్తి మా ఆయనతో ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"ఇన్నాళ్లు నువ్వు గూడ ఇన్నవా?" అన్నాడు.

"ఇన్న."

వెంటనే తల్లిని వీపు మీద ఎక్కించుకున్నాడు. బిడ్డను ఎత్తుకుని నేను ప్రతి గడప ముందూ అరిచాను. కొందరు నా ముఖం చూసి కదిలారు, కొందరు కదల్లేదు. అంతలో కట్ట మీద నుంచి నీరటి డప్పు మోగింది. అప్పుడు అందరూ కదిలారు. ఊరి పడమటి వైపున్న బండరాళ్ల గుట్ట ఎక్కి వానలో నిలబడ్డాం. మగ్గాల మీద పడుగులు అలాగే ఉన్నాయి.

కట్ట తెగడమంటే పెద్ద చప్పుడుతో తెగుతుందనుకున్నాను. అలా కాలేదు. మా పెరటికి ఎదురుగా ఉన్న చోట కట్ట అలసిపోయిన మనిషిలా మెల్లగా కూర్చుంది. ఒక్క క్షణం నీళ్లు ఆలోచిస్తున్నట్టు ఆగాయి. తర్వాత చింతచెట్టు కనిపించలేదు. మా వీధి గోడలు బెల్లం గడ్డల్లా కరిగిపోయాయి. ఎవరూ ఏడవలేదు.

అత్త బండకు ఆనుకుని కూర్చుంది. ఆమె పక్కన చేరి, "అత్తా, నాకు గూడ ఇనవచ్చేది. అబద్ధం చెప్పిన" అన్నాను.

"నాకెరుకే. చప్పుడైనప్పుడల్ల నీ నాడె ఆగేది గద" అంది.

గుట్ట మీద మా వీధి వాళ్లమంతా ప్రాణాలతో ఉన్నాం. కానీ మా నీళ్లు మా దగ్గరే ఆగిపోలేదు. నీరటి డప్పు కొట్టుకుంటూ కింది ఊరి వైపు గట్ల మీద పరుగెత్తాడు. ముసలివాడు, ఎంత పరుగెత్తగలడు? నీళ్లు ఆయన కంటే ముందు చేరాయి. వాళ్ల చెరువు అప్పటికే నిండి ఉంది. రెండు చెరువుల నీళ్లు కలిసి వాళ్ల కట్టను తెంపేశాయి. అక్కడ ముగ్గురు పోయారు. మా ఆయన వెంటనే అటు వెళ్లి నాలుగు రోజులకు తిరిగి వచ్చాడు.

గుట్ట మీద తాటాకు పందిళ్లలో పదిహేను రోజులు ఉన్నాం. నీళ్లు తీసి నేల కనిపించాక ఇంటి జాగాకు వెళ్లాను. గోడలు లేవు, మగ్గం లేదు. గుంత మాత్రం ఉంది, నిండా నీళ్లతో. ఆ నీళ్లలో నెత్తురు కలిపినట్టు ఎర్రటి ముద్ద ఒకటి తిరుగుతోంది. చెదిరిపోతోంది, మళ్లీ ముద్ద కడుతోంది. దాని కింద పొడవాటి నల్లటి నీడ ఒకటి కదలకుండా నన్ను చూస్తోంది. నేను అరిచిన అరుపుకు నీరటి పరుగెత్తుకొచ్చాడు.

"బెదరకు బిడ్డా, కొర్రమట్ట. గా ఎర్రటియి దాని పిల్లలు. కాపలా ఉంటున్నది."

మా చెరువులో కొర్రమట్ట అన్నది లేక రెండేళ్లు దాటింది. పై ఊరి చెరువు నుంచి వరదలో కొట్టుకొచ్చి, కాళ్లు పెట్టుకునే మా గుంతలో పిల్లలు చేసింది. ఆయన డబ్బా తెచ్చాడు. ఈసారి నేను ఎవరినీ చూడలేదు, ఇద్దరం కలిసి తల్లినీ పిల్లలనూ ఎత్తి చెరువు నడుమ మిగిలిన మడుగులో వదిలాం.

తర్వాత సర్కారు ఓవర్‌సీరు ఒకాయన వచ్చాడు. చిన్న వయసు, కోస్తా మనిషి, ఆయన మాట మాకూ మా మాట ఆయనకూ సగమే తెలిసేది. అయినా నీరటిని వెంటబెట్టుకుని దుందుభి దగ్గర మొదలుపెట్టి పై ఊరి చెరువు దాకా వాగంతా నడిచాడు. చేప ఎక్కడెక్కడ ఆగిపోతుందో నీరటి చూపించాడట. ఒక చోట గోడ, ఒక చోట వాగులోకి జరిపిన పొలం గట్టు, ఒక చోట పూడిన కాలువ. చేప ఆగిన చోటల్లా వరద కూడా ఎగదన్నిందని ఓవర్‌సీరు కాగితం మీద గీసి, కింది ఊళ్లో మూడు ఊళ్ల వాళ్లను కూర్చోబెట్టి చూపించాడు.

ఆ కూటానికి నేనూ వెళ్లాను. కింది ఊరివాళ్లు మాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. మా పటేల్ లేచి, "వాన దేవుని పని, మనుషులం ఏం జేస్తం" అన్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి ఒకామె లేచింది. ఆమె భర్త మా నీళ్లలో పోయాడు.

"వాన మీ ఊళ్లె గూడ వడ్డది గద పటేలా? మీకు ముందుగాల ఎరుకైంది, గుట్టెక్కిండ్రు. మాకు ఎవరు చెప్పిండ్రు?"

అప్పుడు మా ఆయన లేచాడు. నలుగురిలో మాట్లాడే మనిషి కాదు. "గోడకు రాళ్లు మోసింది నేనమ్మా. గిప్పుడు విప్పేటందుకు గూడ నేనే వస్త" అని కూర్చున్నాడు. నాకు చప్పుడు వినిపించేదని, నెలల ముందే చెప్పి ఉండవచ్చునని నేనూ లేచి చెప్పాలి. నేను లేవలేదు. ఆమె ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది.

ఆ ఎండాకాలం పని జరిగింది. తెగిన కట్టను పూడ్చారు. గోడ విప్పి, ఆ రాళ్లనే పరిచి మత్తడిని పాతదాని కంటే వాలుగా చేశారు. నీళ్లు తక్కువున్నా చేప ఆగి అలుపు తీర్చుకోవడానికి నడుమ నడుమ గుంటలు వదలమన్నాడు నీరటి. కింది ఊళ్లోనూ అలాగే చేశారు. పటేల్ వాగులోకి జరిపిన తన రెండు మడులను వదులుకున్నాడు, గొణుక్కుంటూనే. పెద్ద వాన సూచన కనిపిస్తే ముందు కింది చెరువు తూము తెరవాలని, తర్వాత మాది, చివరికి పైది అని ఒప్పుకున్నారు. కబురు కట్ట నుంచి కట్టకు డప్పు మీద పోవాలి. వాగు పారిన మొదటి పదిహేను రోజులు మత్తడి దగ్గర ఎవరూ వల వేయకూడదు, బుట్ట పెట్టకూడదు. దీని మీదే అన్నిటికంటే పెద్ద తగాదా అయింది. మా వీధిని గుట్ట పక్కకు మార్చుకున్నాం.

మొదటి ఏడు ఒక్క చేపా రాలేదు. గోడా పాయె, చేపా పాయె అని ఎగతాళి చేశారు. నీరటి రోజూ వెళ్లి మత్తడి మీద కూర్చుని ఖాళీ నీళ్లను చూసి వచ్చేవాడు. రెండో ఏడు ఒక ముసురు పొద్దున మా అత్త చేయి పట్టుకుని అక్కడికి తీసుకువెళ్లాను. ముందు వేలెడంత పరకలు వచ్చాయి. తర్వాత జెల్లలు. గుంటలో ఆగి, తోక ఆడించి, మళ్లీ ఎక్కాయి. రాయికి తగిలిన చప్పుడే లేదు. అత్త నీళ్లలో కాళ్లు పెట్టి నిలబడితే ఆమె పాదాల నడుమ నుంచి పోయాయి. నేను ఒకటి, రెండు అని అంటుంటే, "లెక్కవెట్టకే, దిష్టి తగుల్తది" అని కసిరింది.

ఆ ఏడే పుబ్బ కార్తెలో మళ్లీ అలాంటి ముసురు పట్టింది. గుట్ట పక్కన ఉన్నా నాకు అన్నం సయించలేదు. మా ఆయన సద్ది కట్టుకుని కింది ఊరికి వెళ్లాడు. వరద సూచన కనిపిస్తే చాలు, వాళ్ల కట్ట మీదికి వెళ్లి వాళ్ల నీరటితో కలిసి తిరగడం ఆయనకు అలవాటైంది. రమ్మని ఎవరూ పిలవలేదు, పొమ్మనీ అనలేదు. మధ్యాహ్నం కింది నుంచి డప్పు వినిపించింది, కాసేపటికి మాది, తర్వాత ఎంతో దూరంగా పై ఊరిది. నీళ్లు మత్తడి మీద వెడల్పుగా పరుచుకుని, పటేల్ వదిలిన మడుల్లోకి పొంగి, రెండు రోజులు పారుతూనే ఉన్నాయి.

మూడో రోజు వాన వెలిశాక మా ఆయన తిరిగి వచ్చాడు. తొడల దాకా బురద. కట్టలు తెగకుండా నిలిచాయన్నాడు. ఆ ఊరి ఆడమనిషి ఎవరో గట్టు మీదికి జొన్నరొట్టె, పచ్చడి తెచ్చిపెట్టిందని, పేరు అడగలేదని చెప్పాడు. కాళ్లు కడుక్కుని గడపలోనే పడుకుని, సాయంత్రం దాకా లేవలేదు.